రెజ్యూమెలో ప్రతి వాక్యానికీ రెండో ప్రశ్న ఉంటుంది: ఉద్యోగ దరఖాస్తులో, నియామకంలో నిజాయితీకి ఓ సమగ్ర మార్గదర్శి

ఒకసారి ఇంటర్వ్యూ ప్యానెల్లో కూర్చున్నాను. ఎదురుగా ఉన్న కుర్రాడి రెజ్యూమెలో ఒక వాక్యం ఉంది: "పాత బిల్లింగ్ వ్యవస్థను కొత్తదానికి మార్చే ప్రాజెక్టుకు నాయకత్వం వహించాను." టీమ్‌లో ఎంతమంది అని అడిగాను. ఎనిమిది మంది అన్నాడు. అంతవరకూ బాగానే ఉంది. "పాత డేటాలో కొత్త వ్యవస్థకు సరిపడని రికార్డులు ఉండే ఉంటాయి కదా, వాటినేం చేయాలో ఎవరు తేల్చారు?" అనేసరికి గ్లాసు అందుకుని నీళ్లు తాగాడు. కాసేపు అటూ ఇటూ తిరిగాక అసలు సంగతి బయటపడింది. అతను చేసింది, మార్చిన రికార్డులను పాతవాటితో సరిచూడటం. వేల రికార్డులు సరిచూసి, ఎవరి కంటా పడని మూడు రకాల తప్పులు పట్టుకున్నాడట. అదేమీ చిన్న పని కాదు. ఆ మాటే రాసి ఉంటే అరగంటసేపు దాని గురించే మాట్లాడేవాళ్లం. కానీ అప్పటికే ప్యానెల్లో ముగ్గురం పెన్నులు కింద పెట్టేశాం.

మొదటి ప్రశ్నకు ఎవరైనా సిద్ధపడే వస్తారు. నిజమెంతో తేలేది రెండో ప్రశ్న దగ్గర. ఈ వ్యాసంలో చెప్పేదంతా ఆ రెండో ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. ఉద్యోగం వెతుక్కునేవాళ్లకే కాదు, ఉద్యోగం ఇచ్చేవాళ్లకూ ఇది వర్తిస్తుంది. వాళ్ల సంగతి చివర్లో చెప్తాను.

1. రెజ్యూమె కంటే ముందు నిజాల కాగితం రాసుకోండి

కొత్త ఫైల్ ఒకటి తెరవండి. ఇది మీ కోసమే, ఎవరికీ చూపించక్కర్లేదు. చదువు, ఉద్యోగాలు, తేదీలు, హోదాలు అందులో రాయండి. గుర్తున్నట్టు కాదు, కాగితాలు ముందు పెట్టుకుని రాయండి. చేరిన తేదీ అపాయింట్‌మెంట్ లెటర్ నుంచి, మానేసిన తేదీ రిలీవింగ్ లెటర్ నుంచి, డిగ్రీ పేరు సర్టిఫికెట్ మీద ఎలా ఉంటే అలా. చాలామంది ఇక్కడే తప్పులో కాలేస్తారు, అదీ అబద్ధం చెప్పాలని కాదు. పాత రెజ్యూమె చూసి కొత్తది, దాన్ని చూసి ఇంకోటి తయారు చేస్తారు. ఎప్పుడో సర్దుబాటుగా రాసిన తేదీ పదేళ్ల తర్వాత నిజమైపోతుంది.

హోదా దగ్గర ఓ చిక్కు ఉంది. లెటర్‌లో అసోసియేట్ అని ఉంటుంది, ఆఫీసులో అందరూ టీమ్ లీడ్ అంటారు, పని కూడా అదే చేస్తారు. అప్పుడు లెటర్‌లో ఉన్న హోదానే రాసి, పక్కన "ఐదుగురి టీమ్‌కు లీడ్ బాధ్యతలు" అని చేర్చండి. వెరిఫికేషన్ చేసేవాళ్లకు కాగితం సరిపోతుంది, చదివేవాళ్లకు అసలు పని తెలుస్తుంది.

డిగ్రీ మధ్యలో ఆగిపోతే "మూడేళ్లు చదివాను, పూర్తి చేయలేదు" అని రాయండి. కళాశాల పేరు, చదివిన ఏళ్లు మాత్రం రాసి, పూర్తి చేశారో లేదో చదివేవాళ్లకే వదిలేయడం తెలివి అనుకుంటారు కొందరు. నా దృష్టిలో అది అబద్ధమే, కాకపోతే ఆ అబద్ధాన్ని ఎదుటివాళ్ల చేత ఆడిస్తున్నారు.

డిగ్రీ అబద్ధాల చిట్టా పెద్దదే. 2001లో అమెరికాలోని నోటర్ డామ్ విశ్వవిద్యాలయం ఫుట్‌బాల్ కోచ్‌గా జార్జ్ ఓలియరీని తీసుకుంది. లేని మాస్టర్స్ డిగ్రీ, ఆడని ఆటలు ఆయన బయోడేటాలో ఉన్నాయని బయటపడటంతో ఐదు రోజులకే రాజీనామా చేశారు. 2012లో యాహూ సీఈఓ అయిన స్కాట్ థాంప్సన్‌కు ఉన్నది అకౌంటింగ్ డిగ్రీ, బయోడేటాలో కంప్యూటర్ సైన్స్ కూడా చేరింది. జనవరిలో వచ్చినాయన మేలో వెళ్లిపోయారు.

వీళ్లిద్దరి కంటే నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది ఎంఐటీలో ప్రవేశాల విభాగం డీన్‌గా పనిచేసిన మ్యారిలీ జోన్స్ కథ. 1979లో అక్కడ ఓ కింది స్థాయి ఉద్యోగంలో చేరేటప్పుడు లేని డిగ్రీలు రాశారు. తర్వాత డీన్ అయ్యారు, పేరు తెచ్చుకున్నారు. 2007లో ఎవరో సమాచారం ఇవ్వడంతో సంగతి బయటపడింది, 28 ఏళ్ల కొలువు పోయింది. ఆ మొదటి ఉద్యోగానికి బహుశా డిగ్రీ అవసరమే లేదని ఎంఐటీ అధికారి ఒకరు తర్వాత చెప్పారు. పైకి వెళ్లే కొద్దీ దిద్దుకోవడానికి ధైర్యం చాలలేదని ఆమే ఒప్పుకున్నారు. అవసరం లేని అబద్ధాన్ని 28 ఏళ్లు మోయడం ఎలా ఉంటుందో ఊహించడానికే టెన్షన్‌గా ఉంటుంది.

2. వాక్యం వాక్యానికీ రెండో ప్రశ్న వేసుకోండి

ఇక రెజ్యూమె రాయండి. రాశాక మీకు తెలిసిన ఓ కఠినమైన సీనియర్‌ను మనసులో ఎదురుగా కూర్చోబెట్టుకుని ప్రతి వాక్యానికీ మూడు ప్రశ్నలు వేయించండి. అందులో నీ పని ఏది? ఎలా చేశావు? ఆ అంకె ఎక్కడిది?

తెలుగులో మాట్లాడేటప్పుడు "మేం చేశాం" అనడం మనకు మర్యాద. రెజ్యూమెలో మాత్రం అది రెండు రకాలుగా దెబ్బతీస్తుంది. కొందరు తమ సొంత పనిని "మేం"లో కలిపేసి పోగొట్టుకుంటారు. ఇంకొందరు టీమ్ మొత్తం పనిని "నేను"లో వేసుకుంటారు. టీమ్ ఏం సాధించిందో ఒక వాక్యం, అందులో మీ చెయ్యి ఎంతవరకో ఇంకో వాక్యం రాస్తే ఈ రెండు తప్పులూ ఉండవు.

అంకెల సంగతి చూద్దాం. "అమ్మకాలు 40 శాతం పెంచాను" అని రాశారనుకోండి. నెలకు 5 ఆర్డర్లు వచ్చేచోట 7 వచ్చినా 40 శాతమే, 5,000 వచ్చేచోట 7,000 వచ్చినా 40 శాతమే. మీది మొదటి రకమైతే "ఆరు నెలల్లో నెలవారీ ఆర్డర్లు 5 నుంచి 7కి పెరిగాయి" అని రాయండి. కొత్త వ్యాపారంలో అది మంచి ఫలితమే కావచ్చు, చిన్న అంకె రాసినందుకు చిన్నబుచ్చుకోనక్కర్లేదు. పెరగడానికి మీరే కారణమా, పండగ సీజన్ కలిసొచ్చిందా అన్నది కూడా అడుగుతారు. తెలియకపోతే "ఆ కాలంలో" అని రాయండి, "నా వల్ల" అని రాయకండి. కొలవని పనికి అంకె తగిలించకండి. "రిపోర్టు తయారీకి పట్టే సమయం తగ్గించాను, ముందు రెండు రోజులు పట్టేది, తర్వాత ఒక పూటలో అయ్యేది" అన్నా చాలు, దాని వెనక కథ ఉందని చదివేవాళ్లకు అర్థమవుతుంది.

నైపుణ్యాల జాబితా గురించి ఒక్క మాట: వీడియోలో చూసింది, ఓసారి వాడింది, రోజూ వాడేది ఒకే వరసలో పెట్టొద్దు. మొదటిది తీసేయండి.

3. తేదీలు సాగదీయకండి, గ్యాప్‌కు కథ అల్లకండి

ఖాళీ కాలం కనిపించకుండా మార్చిలో మానేసిన ఉద్యోగాన్ని ఆగస్టు దాకా లాగడం అన్నింటికంటే మామూలుగా జరిగే మోసం. దొరికిపోవడానికీ ఇదే అన్నింటికంటే తేలిక, పాత కంపెనీ హెచ్‌ఆర్ వెరిఫికేషన్‌లో సాధారణంగా చెప్పేదే చేరిన తేదీ, మానేసిన తేదీ, హోదా. గ్యాప్ ఉన్నందుకు కొన్నిచోట్ల ఛాన్స్ పోవచ్చు, కాదనను. కానీ సాగదీసిన తేదీ పట్టుబడితే ఆఫర్ చేతికొచ్చాక పోతుంది, అప్పటికి ఉన్న ఉద్యోగం కూడా మానేసి ఉంటారు.

గ్యాప్‌కు ఒకటి రెండు వాక్యాలు సిద్ధం చేసుకోండి. "ఇంట్లో పెద్దవాళ్లను చూసుకోవాల్సి వచ్చి ఎనిమిది నెలలు ఆగాను. ఇప్పుడా అవసరం లేదు." అంతకు మించి వివరించనవసరం లేదు. ఏమీ చేయని ఆర్నెల్లకు "ఫ్రీలాన్స్ కన్సల్టెంట్" అని పేరు పెడితే, "క్లయింట్లు ఎవరు?" అన్న రెండో ప్రశ్న కాచుక్కూర్చుని ఉంటుంది.

డబ్బు తీసుకుని ఫేక్ ఎక్స్‌పీరియన్స్ లెటర్లు ఇచ్చేవాళ్లున్నారు. దాన్ని రెజ్యూమెకు మెరుగు దిద్దడంగా చూడకండి, అది దొంగ పత్రం. వ్యవహారం హెచ్‌ఆర్ దాటి పోలీసుల దాకా వెళ్లగలదు.

4. చెప్పనక్కర్లేనివి చెప్పకండి

నిజాయితీ అంటే మనసులో ఉన్నదంతా కుమ్మరించడమని అనుకునేవాళ్లు ఇక్కడ నష్టపోతారు. పెళ్లి, పిల్లలు, గర్భం, మతం, ఆరోగ్యం మీ పనితో సంబంధం లేని విషయాలు. చాలా దేశాల్లో వాటి ఆధారంగా నియామకం నిర్ణయించడం చట్టవిరుద్ధం. రెజ్యూమెలో పెట్టకపోతే ఏమీ దాచినట్టు కాదు. మూడు నెలలు మాత్రమే చేసిన పాత చిన్న ఉద్యోగం ఇప్పటి పనికి సంబంధం లేనిదైతే దాన్నీ వదిలేయొచ్చు, రెజ్యూమె జీవిత చరిత్ర కాదు కదా.

దరఖాస్తు ఫారం దగ్గర మాత్రం లెక్క వేరు. "గత ఉద్యోగాలన్నీ రాయండి" అని అడిగి, కింద "పైన ఇచ్చిన వివరాలన్నీ నిజం" అని సంతకం చేయించుకుంటే అక్కడ వదిలేయడం దాచడమే అవుతుంది. ఎప్పుడైనా తొలగించారా అని నేరుగా అడిగితే అవును అని రాసి, జరిగింది రెండు ముక్కల్లో చెప్పండి. అడగనిది చెప్పకపోవడం మీ హక్కు. అడిగినదానికి తప్పు చెప్పడం ఆ హక్కులోకి రాదు.

ఇంటర్వ్యూలో పెళ్లెప్పుడు, పిల్లలెప్పుడు అంటే ఏం చేయాలి? "ఈ ఉద్యోగంలో ప్రయాణాలు, రాత్రి షిఫ్టులు ఏమైనా ఉన్నాయా? వాటికి నేను సిద్ధమే" అని వాళ్లు నిజంగా తెలుసుకోవాల్సిన విషయానికి జవాబు చెప్పి ఊరుకోండి. అలా అడిగే చోట చేరాలా వద్దా అని ఆ రాత్రి ఆలోచించుకోవచ్చు.

5. ఏఐ సాయం, ఇంటర్వ్యూ

భాష సరిదిద్దుకోవడానికి, ప్రశ్నలు వేయించుకుని ప్రాక్టీస్ చేయడానికి ఏఐ వాడితే తప్పేం లేదు. ఇబ్బంది ఎక్కడంటే, అది మీరడగకుండానే "నాయకత్వం వహించాను", "విప్లవాత్మక మార్పు తెచ్చాను" అని అతికిస్తుంది. అందుకే ఏఐ దిద్దిన రెజ్యూమెను మళ్లీ రెండో అడుగులోకి పంపండి. పైకి చదువుతున్నప్పుడు నోరు తడబడిన వాక్యం మీది కాదు.

ఇంటర్వ్యూ నడుస్తుండగా పక్క స్క్రీన్ మీద జవాబులు చదవడం, మీ బదులు ఇంకొకరు కూర్చునే ప్రాక్సీ ఇంటర్వ్యూ, ఇవి మాత్రం మోసమే. ఇంటి నుంచి చేసే ఉద్యోగాలకు డీప్‌ఫేక్ (ఏఐతో తయారు చేసిన నకిలీ) వీడియో, గొంతుతో ఇంటర్వ్యూలకు వస్తున్నారని 2022 జూన్‌లో అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ హెచ్చరించింది. ఆ తర్వాతి నుంచి కంపెనీల అనుమానం పెరిగింది, దాని భారం నిజాయితీగా వచ్చేవాళ్ల మీదా పడుతోంది.

తెలియని ప్రశ్న వస్తే? "ఇది నేను చేయలేదు. దీనికి దగ్గరగా ఫలానాది చేశాను. ఇదైతే ఇలా మొదలుపెడతాను." ఈ మూడు వాక్యాలు అలవాటు చేసుకోండి. ప్యానెల్లో కూర్చున్నప్పుడు నేను ఎక్కువ మార్కులు వేసిన జవాబుల్లో ఇలాంటివి చాలా ఉన్నాయి.

6. జీతం, ఆఫర్

ఇప్పటి జీతం పెంచి చెప్పడం చాలామందికి అసలు తప్పుగానే అనిపించదు, "బేరమే కదా" అంటారు. పే స్లిప్ అడిగేదాకా అది బేరమే. చెప్పడం ఇష్టం లేకపోతే చెప్పకండి: "ఇప్పటి జీతం కంటే ఈ పనికి తగిన జీతం గురించి మాట్లాడదాం, నేను అనుకుంటున్నది ఇంత." పాత జీతం అడగడమే అన్యాయమన్న వాదన గట్టిదే, ఒకచోట తక్కువిస్తే అది జీవితమంతా వెంటాడుతుంది. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో 2018 జూలై నుంచి ఆఫర్ ఇవ్వకముందు అది అడగకూడదు. యూరోపియన్ యూనియన్ 2023లో తెచ్చిన జీతాల పారదర్శకత ఆదేశం కూడా అడగొద్దనే అంటుంది, జీతం ఎంత ఇస్తారో ముందే చెప్పమంటుంది.

చేతిలో లేని ఆఫర్‌ను ఉన్నట్టు చెప్పి బెదిరించకండి, "అయితే అక్కడే చేరండి" అంటే దారి ఉండదు. ఆఫర్ ఒప్పుకున్నాక అంతకంటే మంచిది వచ్చి మనసు మారితే ఆ రోజే ఫోన్ చేసి చెప్పండి. తిట్లు తప్పవు, తినాలి. చేరాల్సిన రోజు ఉదయం ఫోన్ స్విచ్ఛాఫ్ చేసుకోవడం అంతకంటే చాలా ఘోరం.

7. ఇప్పటికే అబద్ధం రాసేసి ఉంటే

ఈ భాగం కోసమే ఇది చదువుతున్నవాళ్లు కొందరుంటారు. దరఖాస్తు పంపేశారు, ఇంకా పిలుపు రాలేదు అంటే సులువు. సరిదిద్దిన రెజ్యూమె పంపండి: "ఇంతకుముందు పంపినదానిలో ఫలానా ఉద్యోగం తేదీలు తప్పుగా ఉన్నాయి, సరైనవి ఇవి." కారణాల చిట్టా వద్దు.

ఇంటర్వ్యూ అయిపోయి, వెరిఫికేషన్ మొదలుకాక ముందైతే హెచ్‌ఆర్‌కు ఫోన్ చేసి చెప్పి, వెంటనే మెయిల్‌లో కూడా పెట్టండి. ఉద్యోగం పోవచ్చు. కానీ ముందే వచ్చి చెప్పినవాళ్లనూ, వెరిఫికేషన్‌లో దొరికినవాళ్లనూ ఒకేలా చూసిన కంపెనీలు నాకు తక్కువ కనిపించాయి. చెప్పేటప్పుడు "పొరపాటున పడింది" అనొద్దు, మొదటి అబద్ధాన్ని కప్పడానికి అది రెండోది అవుతుంది.

ఉద్యోగంలో చేరి ఏళ్లు గడిచిపోతే వ్యవహారం బరువైనది. డాక్టర్ లాంటి లైసెన్స్ కావాల్సిన పనుల్లో లేని అర్హతతో కొనసాగితే ఎదుటివాళ్ల ప్రాణాలకే ప్రమాదం, అక్కడ వాయిదా వేయడానికి వీల్లేదు. మిగతా పనుల్లో ముందు ఒక లాయర్‌తో మాట్లాడి, తర్వాత మేనేజ్‌మెంట్‌తో మాట్లాడండి. ఈలోగా కనీసం ఒకటి చేయండి: ఆన్‌లైన్ ప్రొఫైల్, కంపెనీ వెబ్‌సైట్‌లో పరిచయం, ఇంకెక్కడున్నా సరే, ఆ అబద్ధాన్ని మళ్లీ కొత్తగా రాయకండి.

8. ఇక ఉద్యోగం ఇచ్చేవాళ్ల వంతు

మీ ప్రకటనలోని ప్రతి వాక్యానికీ రెండో ప్రశ్న ఉంటుంది. ఈ పాఠం నేను సిగ్గుపడుతూ నేర్చుకున్నది. ఒకతన్ని తీసుకునేటప్పుడు "కొత్త ప్రోడక్ట్ మీద పని" అని చెప్పాను. నా మనసులో అది అబద్ధం కాదు, ఎప్పటికైనా మొదలవుతుందనే నమ్మకం. అతనికి దొరికింది మాత్రం పాత కోడ్‌లో బగ్గులు సరిచేసే పని. మూడో నెలలో రాజీనామా పెట్టి, "ఇంటర్వ్యూలో నేను మీకు నిజమే చెప్పాను సార్" అని మాత్రం అని వెళ్లాడు. అప్పటి నుంచి ప్రకటన రాశాక "మొదటి మూడు నెలల్లో ఈ మనిషి సోమవారం పొద్దున ఏం చేస్తాడు?" అని టీమ్‌నే అడిగి, వచ్చిన జవాబునే ప్రకటనలో పెడుతున్నాను.

ఖాళీ లేకుండా ప్రకటన ఇవ్వకండి. లోపలి మనిషిని ముందే అనుకుని, లెక్క కోసం పదిమందిని పిలిచి వాళ్ల సెలవులు వృథా చేయకండి.

ఎంపికలో పక్షపాతం మంచివాళ్ల చేతుల్లో కూడా జరిగిపోతుంది. 2004లో ప్రచురితమైన ఓ అధ్యయనంలో మరియాన్ బెర్ట్రండ్, సెంథిల్ ముల్లైనాథన్ బోస్టన్, షికాగో నగరాల్లోని ఉద్యోగ ప్రకటనలకు 5,000 వరకూ రెజ్యూమెలు పంపారు. అర్హతల్లో తేడా లేకుండా చూసి పేర్లు మాత్రం మార్చారు. తెల్లజాతివాళ్లవిగా తోచే పేర్లకు దాదాపు పది దరఖాస్తులకు ఒక పిలుపు వస్తే, నల్లజాతివాళ్లవిగా తోచే పేర్లకు పదిహేను పంపితే గానీ ఒకటి రాలేదు. మెషీన్‌కు అప్పగిస్తే ఇది పోతుందనుకోవడం భ్రమ. అమెజాన్ తయారు చేసిన ఒక ఎంపిక సాఫ్ట్‌వేర్ పాత రెజ్యూమెల నుంచి నేర్చుకుంది. అవి ఎక్కువగా మగవాళ్లవి కావడంతో ఆడవాళ్ల రెజ్యూమెలకు మార్కులు తగ్గించడం మొదలుపెట్టింది. దాన్ని పక్కన పెట్టేశారని 2018లో రాయిటర్స్ వార్తా సంస్థ బయటపెట్టింది.

చేయగలిగింది ఇది: అందరికీ ఒకే ప్రశ్నలు ముందే రాసుకోండి, ఏ జవాబుకు ఎన్ని మార్కులో కూడా. ఇంటర్వ్యూ అవగానే ప్యానెల్లో ఎవరికి వాళ్లు మార్కులు వేసి, ఆ తర్వాతే మాట్లాడుకోండి. ముందు పెద్దసార్ నోరు విప్పితే మిగతావాళ్ల మార్కులు అటే జరుగుతాయి, ఇది నేను ఎన్నోసార్లు చూశాను. అభ్యర్థి మీ బంధువో, స్నేహితుడి కొడుకో అయితే ఆ మాట చెప్పి ప్యానెల్ నుంచి లేచిపోండి. "నేను న్యాయంగానే ఉంటాను" అన్న హామీ అక్కడ చెల్లదు.

టెస్ట్ పేరుతో మీ అసలు పని చేయించుకోవడం దొంగతనమే. గంటా రెండు గంటల్లో అయ్యేది, మీరు వాడుకోలేనిది ఇవ్వండి. రోజంతా పట్టేదైతే డబ్బివ్వండి. ఉద్యోగం ఇప్పించడానికి పనివాళ్ల దగ్గర ప్రైవేటు ఏజెన్సీలు ఫీజు తీసుకోకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1997 నాటి 181వ ఒప్పందం చెబుతుంది, కొన్ని మినహాయింపులతో. మీ పేరు చెప్పి ఏజెంట్ డబ్బు వసూలు చేస్తున్నాడేమో కనుక్కోవాల్సింది మీరే.

వెరిఫికేషన్‌కు ముందు అభ్యర్థి అనుమతి తీసుకోండి. ఇంకా ఉద్యోగంలో ఉన్నవాళ్ల ఇప్పటి ఆఫీసుకు చెప్పకుండా ఫోన్ చేయొద్దు, ఉన్న ఉద్యోగం కాస్తా పోతుంది. తేడా కనిపిస్తే వెంటనే కొట్టేయకుండా అభ్యర్థిని అడగండి. పాత కంపెనీ మూతపడి ఉండొచ్చు, పేరు స్పెల్లింగ్ తప్పు పడి ఉండొచ్చు. అమెరికాలో అయితే బయటి ఏజెన్సీ రిపోర్టు చూసి ఉద్యోగం ఇవ్వకూడదనుకుంటే, ముందు ఆ రిపోర్టు కాపీ అభ్యర్థికి ఇవ్వాలని చట్టమే ఉంది.

చివరిది, అందరూ ఎగ్గొట్టేది: కాదన్న సంగతి చెప్పడం. "మీ రెజ్యూమె ఫైల్లో ఉంచుకుంటాం" అనకండి, ఉంచుకోరని ఇద్దరికీ తెలుసు. నేను పంపేది ఇలా ఉంటుంది: "ఈ ఉద్యోగానికి ఇంకొకరిని ఎంచుకున్నాం. డేటా సరిచూసే పని గురించి మీరు చెప్పింది మాకు నచ్చింది. టీమ్‌ను నడిపిన అనుభవం ఎక్కువ ఉన్నవాళ్లు కావాల్సి వచ్చింది." రాయడానికి రెండు నిమిషాలు పడుతుంది. ఇంటర్వ్యూ దాకా వచ్చిన ప్రతి ఒక్కరికీ, ఎంపికైనవాళ్లు చేరిన వారంలోపే పంపేయండి.